నాలుగు లావు తీగలు

డ్రైవరు సీటు వెన్ను మీది పాత రెగ్జిన్‌ను ఆమె ఒక్క గుంజు గుంజి ఊడదీసింది. లోపల్నించి నల్లటి దుమ్ము, తుప్పు పట్టిన జుట్టుపిన్ను, ఎవరి చొక్కాదో ఒక గుండీ రాలిపడ్డాయి. స్పాంజిలో ఆ డ్రైవరు వీపు మేర గుంట పడి ఉంది. కుడివైపు కన్నా ఎడమవైపు లోతు ఎక్కువ. ఏళ్ళ తరబడి ఒక పక్కకి ఒరిగి బస్సు నడుపుతున్న మనిషన్నమాట. ఆమె ఆ గుంటలో అరచెయ్యి పెట్టి చూసుకుని, చాకుతో కొత్త స్పాంజి ముక్క కోసి, జిగురు పూసి అందులో ఒత్తింది. జిగురు ఆరేదాకా మోకాలితో అదిమి పట్టుకుని కూర్చుంది.

ఆ సీట్ల షాపులో చేరినప్పుడు ఆమె చిన్నపిల్ల. ఇప్పుడు నలభై దాటింది. పొట్టి మనిషి, వెడల్పాటి భుజాలు. దుమ్ము పడకుండా జుట్టుకి గుడ్డ బిగించి కడుతుంది. నోట్లో ఎప్పుడూ రెండు మూడు మేకులుంటాయి కాబట్టే ఈవిడ మాటలు తక్కువని యజమాని పెద్దాయన వచ్చినవాళ్ళతో హాస్యమాడుతుంటాడు. ఆమె ఎడమచేతి వేళ్ళ కొసలు కాయలు కాసి రాయిలా ఉంటాయి. అవి సూది పోట్లని ఆయన నమ్మకం. సూది పట్టేది కుడిచేత్తో కదా అని ఆయనకి ఏనాడూ తట్టలేదు.

ఆ కాయలు బేస్ గిటార్‌వి. పగలు సీట్లు కుట్టి, సాయంత్రాలు ఆమె అన్న బృందంలో ఆ లావు తీగల గిటారు వాయిస్తుంది. అన్న గిటారు వాయిస్తూ పాడతాడు. పెద్దాయనకి ఆ అన్న సంగతి బాగా తెలుసు. చెల్లెలు మాత్రం అక్కడికి వెళ్ళి వాళ్ళకి టీ కాచి పోస్తుందని ఆయన లెక్క.

కాసేపటికి ఒక కారు వచ్చి షాపు ముందు ఆగింది. ముందు సీటు కుట్టు విడిపోయింది. ఉండి కుట్టించుకుని పోతానన్నాడు కారాయన. ఆమె వంకర సూది, మైనం పట్టించిన దారం తీసుకుని కారులోకి దూరి, తల సీటు కింద పెట్టుకుని కుట్టడం మొదలుపెట్టింది. కారాయన రేడియో ఆపలేదు.

రేడియోలో అన్న మాట్లాడుతున్నాడు.

ముందు ఆమెకి నవ్వొచ్చింది. ఇంట్లో బొంగురుగా గొణిగే మనిషి రేడియోలో గొంతు సవరించుకుని మరీ అక్షరమక్షరం పలుకుతున్నాడు. 'తడి సిమెంటు' ఆల్బమ్ గురించి అడుగుతోంది యాంకరమ్మాయి. రాక్ పాటలే కదా, మరి కాలు ఎందుకు నిలవదు? ఫంక్ బాణీల ఊపు, సోల్ పాటల్లోని గుండెబరువు, ఈ రెండూ మీ గిటార్ల హోరులోకి ఎలా వచ్చాయి? ముఖ్యంగా ఆ రెండో పాట మొదట్లో, ఏ తోడూ లేకుండా ఒక్క బేస్ గిటారే మోగుతుంది చూడండీ, అది విన్నప్పుడల్లా నాకు ఒళ్ళు జలదరిస్తుంది. అదెక్కడ పుట్టింది?

"ఒకరోజు వానలో ఒక్కణ్ణీ నడుచుకుంటూ వస్తున్నానండీ" అన్నాడు అన్న. "నా తలలో పుట్టింది."

దారం పటుక్కున తెగింది.

"ఏమైందమ్మా?" అన్నాడు బయటినుంచి పెద్దాయన.

"దారం పాతది."

పాట వేశారు. ఆమె సీటు కింద తల పెట్టుకునే విన్నది. తన వేళ్ళు ఎక్కడ నొక్కాయో, ఎక్కడ కావాలని ఒక్క క్షణం ఆలస్యం చేశాయో, ఎక్కడ తీగని అరచేత్తో మూసి దాని నోరు నొక్కేశాయో ఆమెకి కనిపిస్తూనే ఉంది. కారాయన టాపు మీద వేళ్ళతో దరువు వేస్తున్నాడు.

"ఏం పాటండీ! కూర్చోనివ్వదు" అన్నాడు.

"ఆ పాడేది ఎవరనుకున్నారు? ఈవిడకి సొంత అన్నగారు" అన్నాడు పెద్దాయన, ఆ పాట తన షాపులోనే తయారైనంత సంబరంగా.

"అలాగా! అదృష్టవంతులమ్మా. ఇంట్లో ఒక కళాకారుడుంటే ఆ వెలుగే వేరు."

ఆమె కారులోంచి బయటికొచ్చి కొత్త దారం ఎక్కించుకుంది. "వేరేనండీ" అంది. అరికాలి మంట నెత్తికెక్కుతుంటే మనిషి అంతకన్నా మర్యాదగా ఏం మాట్లాడగలదు?

తలలో పుట్టిందట! వాన పడ్డమాట మాత్రం నిజం. ఆ వానకి కరెంటు పోయింది. అన్న అలిగి మెట్ల మీద కూర్చున్నాడు. యాంప్లిఫయర్లు లేకపోతే ఆయన గొంతు ఆయనకే నచ్చదు. అప్పటికి చాలా ఏళ్ళుగా వాళ్ళు ఒక మూతపడ్డ గోదాములో చేరి హోరెత్తిస్తున్నారు. అన్న అరిచేవాడు, గిటార్లు అంతకు మించి అరిచేవి. వినడానికి వచ్చినవాళ్ళు మర్యాదకి ఒక పాట విని, రెండో పాటకి టీ తాగొస్తామని వెళ్ళేవాళ్ళు. ఆ రోజు చీకట్లో ఆమె ఊరికే తీగలు మీటుతూ కూర్చుంది. కరెంటు లేదు కాబట్టి తీగల చప్పుడు ఆమెకీ, పక్కనున్న డ్రమ్ములాయనకీ తప్ప వినిపించలేదు. ఆ డ్రమ్ములాయన టైర్ల షాపులో పంక్చర్లు వేసే మనిషి. అందరూ 'దరువు' అనే పిలుస్తారు. ఆయన ఖాళీ రంగుడబ్బా ఒకటి బోర్లించి మెల్లిగా అందుకున్నాడు. చిన్నప్పుడు చూసిన, అమ్మ కుట్టుమిషన్ తొక్కే తీరు ఆమె కాళ్ళలోనే ఉండిపోయింది. నాలుగు తొక్కులు సాఫీగా, ఐదోది గుడ్డ మడత దగ్గర కాస్త ఆగి. ఆ ఆగడమే వేళ్ళలోకి వచ్చింది. కీబోర్డు వాయించే అతను చీకట్లో లేచి నిలబడి నడుం ఊపడం మొదలుపెట్టాడు. బడిలో లెక్కల మాస్టారు ఆయన. అంతవరకూ ఆయనకి నడుం ఉన్నట్టే ఎవరికీ తెలియదు.

కరెంటు వచ్చాక అన్న లోపలికి వచ్చి, "అదేదో మళ్ళీ వాయించవే" అన్నాడు. తన తలలోంచే పుట్టించినవాడు అడగాల్సిన మాటేనా అది?

ఆ తర్వాత ఆల్బమ్ మొత్తం అదే ఊపు మీద నడిచింది. అన్న అరవడం మానేసి పాడటం నేర్చుకున్నాడు. అడుగున గట్టిగా ఏదో ఉందని తెలిస్తే గొంతు నెమ్మదిస్తుంది. గోదాములో శబ్దం మార్మోగకుండా గోడలకి కట్టింది కూడా ఆమె కుట్టిన పరుపులే. బస్సు సీట్లలోంచి తీసిపారేసిన స్పాంజి ముక్కలు మోసుకొచ్చి, రాత్రుళ్ళు సంచుల్లా కుట్టి, నేల నుంచి కప్పు దాకా తాపడం చేసింది. ఇక ఆల్బమ్ కవరు మీది ఫొటో! ఆ గోడ ముందు నిలబడ్డది ముగ్గురు మగవాళ్ళే. "నీ చెయ్యి వణకదు, నువ్వు తియ్యవే" అని అన్న కెమెరా ఆమె చేతికిచ్చాడు. తీసింది. బాగా వచ్చింది కూడా. ఇంకోటి తీద్దాం, నువ్వూ రా అని ఎవరూ అనలేదు. ఆమె కూడా అడగలేదు. అడగకపోవడం మంచితనమని అప్పట్లో అనుకుంది.

మధ్యాహ్నం ఆమె రొట్టె, ఉడకబెట్టిన గుడ్లు ముందేసుకుని పాత టైరు మీద కూర్చోబోతుంటే వదిన వచ్చింది. వదిన మందుల షాపులో పనిచేస్తుంది. తెల్ల కోటు కూడా విప్పకుండా వచ్చేసింది.

"ఏమే మరదలా, తిన్నావా?"

"ఈ వేళప్పుడు వచ్చావంటే ఏదో ఉంది. చెప్పు వదినా."

"ముందు తిను."

"మింగాక చెబితే కక్కలేననా?"

వదిన నవ్వబోయి నవ్వలేకపోయింది. ఇంకో టైరు దొర్లించుకుని పక్కన కూర్చుంది. సాయంత్రం పెద్ద హాల్లో ఆల్బమ్ విడుదల కచేరీ. టిక్కెట్లన్నీ అయిపోయాయి. దాని గురించే.

"నీకు తెర వెనక మంచి చోటు చూశారట. చల్లగా ఫ్యాను కూడా పెట్టిస్తారట."

"తెర వెనకా?"

"ముందు నిలబడటానికి ఎవరో కుర్రాణ్ణి తెచ్చారట. ప్రకటనల్లో కనిపిస్తుంటాడు, మంచి ఒడ్డూ పొడుగూ..."

"వాడు వాయిస్తాడా?"

"పట్టుకుంటాడు."

ఆమె గుడ్డు కిందపెట్టేసింది. "పట్టుకోవడానికి ఒకడూ, వాయించడానికి ఒకతీనా! సొమ్మొకడిది సోకొకడిది అంటే ఏమిటో అనుకున్నా."

"కంపెనీవాళ్ళు పట్టుబట్టారటే. మీ అన్నయ్య వాళ్ళతో ఎంతో పోట్లాడాడట."

"అన్నయ్య పోట్లాడాడా? వీధిలో కుక్క మొరిగితే లోపలికెళ్ళి తలుపేసుకునే మనిషి."

వదిన తల దించుకుని కోటు గుండీ తిప్పుతూ కూర్చుంది. "నీకు చెప్పే ధైర్యం లేక నన్ను పంపాడు. నాకూ ఒంటి మీద తేళ్ళూ జెర్రులూ పాకినట్టుంది. నన్ను తిట్టకే."

"నిన్నెందుకు తిడతాను? గుడ్డు తిను."

ఇద్దరూ చెరోటి తిన్నారు. వదిన వెళ్తూ వెళ్తూ ఆమె తలగుడ్డ సర్ది, అందులో ఇరుక్కున్న స్పాంజి ముక్క తీసి ఊదేసింది.

మిగిలిన పని ఆమె వదల్లేదు. డ్రైవరు సీటుకి కొత్త రెగ్జిన్ చుట్టి, మూలలు లాగి, ముడత లేకుండా పిన్నులు కొట్టింది. ఒక్కో పిన్ను కొడుతుంటే పెద్దాయన ఉలిక్కిపడి చూశాడు. త్వరగా వెళ్ళాలంటే, "వెళ్ళమ్మా, వెళ్ళు. ఇవాళ టీలు చాలా కాయాలిగా" అన్నాడు. ఆయనది పాడుబుద్ధి కాదు. ఆయనకి కోపంగా జవాబు చెప్పడం కన్నా సుత్తి గోడకి తగిలించి వెళ్ళడమే ఆమెకి సులువనిపించింది. కానీ బస్సులో కూర్చున్నాక ఆ మాట చెవిలో జోరీగలా తిరిగింది. టీలు! ఇన్నేళ్ళలో ఆయన్ని ఒక్కసారైనా నిలబెట్టి, నేను వాయిస్తానండీ అని ఎందుకు చెప్పలేదు? అన్నని మించిపోతున్నట్టు ఉంటుందని. అంతే కారణం. అన్న తక్కువగా కనబడకుండా తను ఇంతకాలం వంగి నడిచింది. వంగిన వీపు మీద అన్న ఎక్కి కూర్చున్నాడు.

హాలు వెనక ద్వారం దగ్గర కంపెనీ ఆవిడ ఎదురొచ్చింది. మంచి మాటతీరు. చేయి పట్టుకుని స్టేజి పక్కకి తీసుకెళ్ళింది. నల్లటి తెర, దాని వెనక ఒక ఎత్తు స్టూలు, పక్కన బేస్ యాంప్లిఫయర్, కాళ్ళ దగ్గర చిన్న ఫ్యాను.

"ఇబ్బందేమైనా ఉంటే చెప్పండి. మీ ఆరోగ్యం సంగతి మీ అన్నయ్యగారు మొదట్లోనే చెప్పారు."

"ఏం ఆరోగ్యం?"

"జనాన్ని చూస్తే మీకు కళ్ళు తిరుగుతాయట కదండీ. స్టేజి ఎక్కొద్దని డాక్టరు కూడా అన్నారటగా. మేమైతే మీరు ముందుంటేనే బాగుంటుందని ఎంతో అడిగాం. మీ అన్నయ్యగారే, పాపం, దానికి కష్టం అన్నారు."

ఆమెకి నిజంగానే కళ్ళు తిరిగాయి. స్టూలు పట్టుకుని నిలబడింది.

తెర అవతల నుంచి ఒడ్డూ పొడుగూ ఉన్న ఆ మనిషి తొంగిచూశాడు. మెడలో మెరిసే బేస్ గిటార్ వేలాడుతోంది, దానికి వైరు లేదు. "మేడమ్, కొంచెం వేళ్ళు ఎక్కడ పెట్టాలో చూపిస్తారా? మరీ వెర్రివాడిలా కనబడతానేమోనని భయంగా ఉంది" అన్నాడు. అతని ముఖంలో కల్లాకపటం లేదు. ఆమె అతని వేళ్ళు పట్టుకుని తీగల మీద పెట్టింది. మెత్తని వేళ్ళు. "గట్టిగా నొక్కక్కర్లేదు. ఎలాగూ మోగదు" అంది.

అన్న మేకప్ గదిలో అద్దం ముందున్నాడు. ఆమెని అద్దంలోనే చూసి చూపు తిప్పుకున్నాడు.

"నాకేం జబ్బు అన్నయ్యా?"

"మెల్లిగా మాట్లాడు."

"ఏ డాక్టరు చెప్పాడు? పేరు చెప్పు, నేనూ వెళ్ళి చూపించుకుంటాను."

అన్న లేచి తలుపు దగ్గరగా వేశాడు. కళ్ళ కింద పూసిన పొడి చెమటకి చారలు కట్టింది. "ఇరవై ఏళ్ళు గొంతు చించుకున్నానే" అన్నాడు. "ఒక్కడు తల తిప్పి చూడలేదు. ఇప్పుడు వస్తున్నారు. వచ్చి ఎవర్ని చూస్తున్నారు? మొన్న చిన్న కచేరీలో నువ్వు ఓ మూల నిలబడ్డావు. నేను మధ్యలో నిలబడి ప్రాణం పెట్టి పాడుతుంటే ముందు వరసలో అందరూ నీ వేళ్ళ వంకే చూస్తున్నారు. నాకెలా ఉంటుంది చెప్పు?"

చిన్నప్పుడు గాలిపటం తెగిపోతే ఇలాగే నిలబడేవాడు, చేతులు వేలాడేసి. అప్పుడు తన గాలిపటం ఇచ్చేసేది. ఇప్పుడూ చెయ్యి ముందుకు వెళ్ళబోయింది. ఆపుకుంది.

"మధ్య చోటంతా నీదే. నేనెప్పుడైనా అడిగానా?" అంది. "నా మూల కూడా నీకే కావాలా?"

"అది కాదే..."

"వినుకో. మొదటి పాట వాయిస్తాను. అది నువ్వు రాసింది, మంచి పాట. రెండోది నీ తలలో పుట్టిందని రేడియోలో చెప్పావు. అది నువ్వే వాయించుకో."

అన్న నవ్వాడు. ఆ నవ్వు ఆమెకి చిరపరిచితం. చెల్లి అలిగింది, రెండు మంచి మాటలు చెబితే సర్దుకుంటుంది అనే నవ్వు. "సరేలే, ముందు కచేరీ కానియ్. ఇంటికెళ్ళి మాట్లాడుకుందాం" అని భుజం తట్టాడు. ఆమె చెప్పినమాట ఆమె నిజంగానే చేస్తుందన్న ఆలోచన ఆయనకి రాలేదు. రావలసిన అవసరం ఇన్నేళ్ళలో ఎప్పుడు కలిగింది గనక!

కచేరీ మొదలైంది. తెర సందులోంచి ఆమెకి దరువు వీపు, కొద్దిగా చెంప కనిపిస్తున్నాయి. జనం ఒక్కరూ కనిపించడం లేదు. అంతమంది చేసే చప్పుడు మాత్రం నేల మీదుగా వచ్చి స్టూలు కాళ్ళలోంచి ఒంట్లోకి పాకింది. మొదటి పాట ఆమె దాచుకోకుండా వాయించింది. ఒక్క స్వరం తగ్గించలేదు. కోపం వేళ్ళలోకి వెళ్ళలేదు. వెళ్తే పాట చెడుతుంది, పాటేం చేసింది పాపం. అన్న గొంతు కూడా ఆ సాయంత్రం చాలా బాగుంది. వింటుంటే గర్వం కలిగింది. గర్వం కలిగినందుకు మళ్ళీ ఒళ్ళు మండింది.

పాట ముగిసింది. హాలు హోరెత్తిపోయింది. "రెండో పాట!" అని ఎవరో అరిచారు. దీపాలన్నీ ఆర్పి ఒకే ఒక్క తెల్ల వెలుగు వేశారు. ఆ వెలుగు ఒడ్డూ పొడుగూ మనిషి మీద పడింది. ఈలలు.

ఆమె గిటారులోంచి వైరు పిన్ను లాగేసింది. యాంప్లిఫయర్ 'డుబ్' మంది. పాట మొదలైందనుకుని జనం చప్పట్లు కొట్టారు.

దరువు తల తిప్పి చూశాడు. ఆమె గిటారుని సంచిలో పెట్టి, జిప్ లాగి, వీపుకి తగిలించుకుంటోంది. వెళ్తున్నావా అన్నట్టు ఆయన కనుబొమలెత్తాడు. అవునని తలూపింది. ఆయన ఒక్క క్షణం అలాగే చూసి, డ్రమ్ముల పుల్లలు రెండూ ఒళ్ళో పెట్టుకుని చేతులు కట్టుకున్నాడు.

వెనక ద్వారం దగ్గర కాపలా మనిషి కుర్చీలోంచి లేచాడు. "అప్పుడే అయిపోయిందా అమ్మా?"

"నాది అయిపోయిందండీ."

బయట ఇంకా పూర్తిగా చీకటి పడలేదు. బస్సు ఎక్కితే డ్రైవరు ఒక పక్కకి ఒరిగి కూర్చునే మనిషా కాదా అని కూడా ఆమె చూడలేదు. వెనక సీటులో కిటికీ పక్కన కూర్చుని, గిటారుని ఒళ్ళోకి తీసుకుని, రెండు చేతులూ దాని మీద వేసుకుంది. అన్నతో మాటలు ఎప్పటికి కలుస్తాయో తెలియదు. కలవకపోవచ్చు కూడా. చేతులు మాత్రం వణకలేదు.

హాల్లో తెల్లవెలుగు కింద ఆ మనిషి ఆమె చూపించిన చోటే వేళ్ళు పెట్టి, ఆమె చెప్పినట్టే గట్టిగా నొక్కకుండా, శ్రద్ధగా కదిలిస్తున్నాడు. చప్పట్లు పలచబడి, ఆగి, ఎవరో దగ్గి, ఎవరో నవ్వారు. అన్న మైకు వదిలేసి తెర వైపు నడిచి, దాన్ని పక్కకి తొలగించి చూశాడు. ఎత్తు స్టూలు మీద నీటుగా చుట్ట చుట్టి పెట్టిన నల్ల వైరు, దాని కొసన పిన్ను. ఏ గిటారూ తగిలించకుండానే పక్కన యాంప్లిఫయర్ సన్నగా గుర్రుమంటూ ఉంది.